పుచ్చకాయ మోతా, ఫస్ట్ పిక్ లెక్కా

మా అక్క కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. 2025 ఫిబ్రవరిలో వాడి అభిమాన బాస్కెట్‌బాల్ జట్టు డాలస్ మావరిక్స్, 25 ఏళ్ల స్టార్ లూకా డాన్సిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసి, బదులుగా ముఖ్యంగా 31 ఏళ్ల ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకుంది. ఆ రోజు వాడు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాడు. మే నెలలో మళ్లీ ఫోన్. ఈసారి గొంతులో హుషారు. "మామయ్యా, లాటరీ మాకే తగిలింది! నూటికి రెండు కూడా లేదు ఛాన్స్. ఇప్పుడు కూపర్ ఫ్లాగ్ అనే ఆ కాలేజీ కుర్రాణ్ణి తీసుకోవాలా, ఆ పిక్ ఇచ్చేసి జియానిస్ లాంటి పేరున్న స్టార్‌ని తెచ్చుకోవాలా? నువ్వు స్టాటిస్టిక్స్ చెప్పావు కదా, లెక్క ఏమంటుంది?"

ఆ రాత్రి సరిగా చెప్పలేకపోయాను. తర్వాత కాగితం మీద పెట్టుకున్న లెక్క ఇది.

ఆట నియమాల జోలికి పోను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లు. ఏటా జూన్‌లో కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ వరసలో ఒక్కో స్థానాన్ని పిక్ అంటారు. ప్లేఆఫ్స్‌కి చేరని 14 జట్లలో మొదట ఎవరు ఎంచుకోవాలో లాటరీ తేలుస్తుంది. వచ్చిన పిక్‌తో కుర్రాణ్ణి తీసుకోవచ్చు, లేదా ఆ పిక్‌ని వేరే జట్టుకి ఇచ్చి ఆటగాణ్ణో, వేరే పిక్‌లనో తెచ్చుకోవచ్చు. దీనికి ఇంత తెలిస్తే చాలు.

ఆ లాటరీ యంత్రం అంటే నాకు ఎంతో ఇష్టం. 1 నుంచి 14 దాకా అంకెలున్న బంతులు, పింగ్‌పాంగ్ బంతుల్లాంటివి, గాలి యంత్రంలో 20 సెకన్లు గిరగిరా తిరుగుతాయి. ఒకటి బయటికి వస్తుంది. పదేసి సెకన్ల తేడాతో మరో మూడు. 14 బంతుల్లోంచి నాలుగు ఎన్ని విధాలుగా రావచ్చు? 1001. అందులో ఒకటి తీసి పక్కన పెడితే మిగిలిన వెయ్యినీ జట్లకి పంచుతారు. 2019లో మార్చిన పద్ధతి ప్రకారం 2025లో అట్టడుగు మూడు జట్లకీ తలా 140. డాలస్‌కి దక్కినవి 18. ఇంటర్‌లో సంయోగాలు చెప్పేటప్పుడు సంచిలోంచి ఎర్ర బంతులూ నల్ల బంతులూ తీయించి విసిగించేవాళ్లం. ఈ యంత్రం వీడియో ఒక్కటి చూపించి ఉంటే 14లో 4 అనే లెక్క పిల్లలకి జన్మలో మరపు వచ్చేది కాదు. నేను చూపించలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డాలస్‌కి తగలగానే ఏదో గోల్‌మాల్ జరిగిందని గోల మొదలైంది. మొట్టమొదటి లాటరీ 1985లో. అప్పుడు న్యూయార్క్ గెలిస్తే ఆ కవరును ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని, చేతికి తెలియడానికే అలా చేశారని ఒక కథ పుట్టింది. నలభై ఏళ్లయినా అది చావలేదు. జట్ల తరఫున వచ్చేవాళ్లు తాయెత్తుల్లాంటివి జేబులో పెట్టుకొస్తారు. అసలు లెక్క చూడండి. పద్నాలుగు జట్లలో అతి తక్కువ అవకాశమున్న ఐదింటికీ కలిపి ఉన్నది సుమారు 8 శాతం. అంటే సగటున పన్నెండేళ్లకోసారి వాటిలో ఏదో ఒకటి గెలవాలి, మన పుష్కరంలాగా. కానీ 2024లో 3 శాతంతో అట్లాంటా గెలిచింది, మరుసటి ఏడే 1.8 శాతంతో డాలస్. పుష్కరానికి బృహస్పతి ఉన్నాడు, సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది కాబట్టి అది వేళకి వస్తుంది. బంతులకి అలాంటి కక్ష్య ఏదీ లేదు. నిరుడు ఏం జరిగిందో వాటికి తెలియదు.

సరే, పిక్ చేతికొచ్చింది. ఇప్పుడు ఎండాకాలంలో రోడ్డు పక్కన పుచ్చకాయల కుప్ప దగ్గరికి రండి.

మనం ఏం చేస్తాం? ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తడతాం. మోత బాగుంటే తీపి అని నమ్మకం. ఆ నమ్మకంలో నిజం ఉంది, పూర్తి నిజం లేదు. మోతలో కొంత తీపి వల్ల, కొంత మన చెవి పొరపాటు వల్ల. 18, 19 ఏళ్ల కుర్రాడు కాలేజీలో ఆడిన ముప్పై చిల్లర మ్యాచ్‌లు కూడా అలాంటి మోతే.

50 కాయలు అనుకుందాం. అసలు తీపిలో కాయకీ కాయకీ ఉండే తేడాని, అంటే ప్రామాణిక విచలనాన్ని, ఒక యూనిట్ అందాం. చెవి చేసే పొరపాటు కూడా అంతే, ఒక యూనిట్. రెండూ కలిసిన మోతలో విచలనం రెండు వర్గమూలం, 1.41. గంట ఆకారపు పంపిణీలో 50 మందిలో మొదటివాడు సగటు కన్నా 2.25 విచలనాల పైన ఉంటాడు, మూడోవాడు 1.62. కాబట్టి అన్నిటికన్నా బాగా మోగిన కాయ సగటు కన్నా 3.18 యూనిట్లు మేలనిపిస్తుంది. మూడో కాయ 2.3. ఆ మేలులో సగం మాత్రమే తీపి, మిగతా సగం చెవి చలవ. కోసి చూస్తే మొదటిది సగటున 1.59, మూడోది 1.15. తేడా 0.44కి పడిపోయింది. పైగా ఒక్కో కాయ విషయంలో మనకి మిగిలే అనుమానం 0.71 యూనిట్లు. రెండు కాయల తేడాలో అది సరిగ్గా ఒక యూనిట్ అవుతుంది. 0.44 తేడా, 1 యూనిట్ అనుమానం: పట్టిక తీసి చూస్తే మొదటి కాయ మూడోదాని కన్నా నిజంగా తీపిగా ఉండేది 67 శాతం సార్లు.

అంటే ఇంచుమించు మూడుసార్లలో ఒకసారి మూడో కాయే తీపి! 50 కాయల్నీ ఓపిగ్గా తట్టి, అన్నిటికన్నా బాగా మోగినదాన్ని పట్టుకున్నాక కూడా.

ఇందులో రెండు పాత సంగతులున్నాయి. బాగా పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు వెనక్కి వస్తారని గాల్టన్ 1886లో చూపించాడు. 1971లో అమెరికాలో ముగ్గురు చమురు ఇంజనీర్లు, వేలంలో గెలిచిన కంపెనీ ఎందుకు నష్టపోతుందో రాశారు: ఎక్కువ చమురు ఉందని ఎవరు ఎక్కువగా పొరబడితే వాళ్లే గెలుస్తారు కాబట్టి. ఫస్ట్ పిక్‌లో ఈ రెండూ కలిసి కూర్చున్నాయి.

2017లో బోస్టన్ సెల్టిక్స్ చేతిలో మొదటి పిక్ ఉంది. అందరూ మార్కెల్ ఫుల్ట్స్ పేరు చెబుతున్నారు. బోస్టన్ ఆ పిక్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో పిక్‌నీ, రాబోయే ఏళ్లలో ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్‌నీ, అంటే మొదటి ముప్పైలో ఒకదాన్నీ, తీసుకుంది. మూడో స్థానంలో జేసన్ టేటమ్‌ని ఎంచుకుంది. ఫుల్ట్స్‌కి భుజం దగ్గర నరాల సమస్య వచ్చి షూటింగే దెబ్బతింది. పాపం, అది ఎవరి చెవికీ వినపడే మోత కాదు. నేను పొరపాటు అని లెక్కలో రాసిన దాంట్లో తెలియకపోవడం ఒక్కటే లేదు, ఇంకా జరగనిదీ ఉంది.

మరుసటి ఏడు, 2018. అట్లాంటా మూడో పిక్‌తో డాన్సిచ్‌ని ఎంచుకుని, అతన్ని డాలస్‌కి ఇచ్చి, ఐదో స్థానంలో వచ్చిన ట్రే యంగ్‌నీ ఇంకో పిక్‌నీ తీసుకుంది. బోస్టన్ చేసిన పనే. రెండు మెట్లు దిగి, కొసరు తీసుకోవడం. యంగ్ మంచి ఆటగాడే, 2021లో జట్టుని ఈస్ట్ ఫైనల్ దాకా, అంటే లీగ్ సెమీఫైనల్ దాకా, తీసుకెళ్లాడు. కానీ డాన్సిచ్ డాన్సిచే.

2024 ఫైనల్స్‌లో ఎదురెదురుగా నిలబడింది ఎవరు? బోస్టన్ తరఫున టేటమ్, డాలస్ తరఫున డాన్సిచ్. మెట్లు దిగి సంపాదించినవాడు ఒకవైపు, మెట్లు దిగి అట్లాంటా పోగొట్టుకున్నవాడు ఇంకోవైపు. ఒకే పనికి రెండు ఫలితాలు. బోస్టన్ 4-1తో గెలిచింది.

అయితే ఈ రెండూ ఒకే రకం జూదమా? కాదంటాను. పుచ్చకాయల బండివాడు నమ్మని వాళ్ల కోసం కత్తితో మూడు పక్కలా గాటు పెట్టి, చిన్న ముక్క లాగి ఎర్రగా చూపిస్తాడు చూడండి. డాన్సిచ్ అలా ముక్క తీసి చూపించిన కాయ. 19 ఏళ్లకే రియల్ మాడ్రిడ్ తరఫున పెద్దవాళ్ల మధ్య ఆడి యూరోలీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కాలేజీ కుర్రాళ్ల మీద ఆడటం మోత. యూరప్ ప్రొఫెషనల్స్ మీద గెలవడం ముక్క. అతని విషయంలో పొరపాటు ఒక యూనిట్ కాదు, సగం వేసుకోండి. అప్పుడు మోతలో సగం కాదు, ఐదింట నాలుగు వంతులు నిజమవుతుంది. మొదటి రెండు పిక్‌లున్న ఫీనిక్స్, శాక్రమెంటో అతన్ని దాటి వెళ్లడానికి ఆ ముక్కని మోతలాగే చూడటం కారణమని నా నమ్మకం.

కాబట్టి మొదటి సగం జవాబు ఇది. మీ జాబితాలో మొదటివాడికీ మూడోవాడికీ మధ్య తేడా, మీరు పొరబడే కొలత కన్నా చిన్నదైతే మెట్లు దిగండి, కొసరు తీసుకోండి. పెద్దదైతే కదలొద్దు. 2003లో లెబ్రాన్ జేమ్స్‌నీ, 2023లో వెంబన్యామానీ తీసుకున్న జట్లు ఆ మొదటి పిక్‌ని వదులుకోలేదంటే అందుకే.

అమెరికన్ ఫుట్‌బాల్ మీద కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఇలాంటి లెక్కే చేసి, ముందు పిక్‌లకి జట్లు మరీ ఎక్కువ ధర కడుతున్నాయని తేల్చారు. థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది. ఆ ఫలితాన్ని తెచ్చి చాలామంది బాస్కెట్‌బాల్‌కి అతికిస్తారు. అది తప్పు. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇక్కడే ఉంది.

బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఐదుగురే. మ్యాచ్ 48 నిమిషాలు, స్టార్ 35 నిమిషాలకి అటూ ఇటూ ఆడతాడు, బంతి ఎక్కువసేపు అతని చేతిలోనే. టీ20లో ఎంత గొప్ప బౌలరైనా నాలుగు ఓవర్లే. బ్యాట్స్‌మన్ ఒక్క బంతికి అవుటైతే ఆ రోజుకి అంతే. బాస్కెట్‌బాల్ స్టార్‌కి అలాంటి హద్దు లేదు. అందుకే ఇక్కడ తీపి కూడిక కుదరదు. చప్పటి కాయలు రెండిస్తాను, తియ్యటి కాయ ఒకటివ్వు అంటే బండివాడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పళ్లెంలో చోటు ఐదు ముక్కలకే. ఒక్క ఆటగాడికి నలుగురు మంచి ఆటగాళ్లు వచ్చారని సంబరపడితే, వాళ్లని నిలబెట్టడానికి ఇంకో ముగ్గుర్ని బెంచీ మీదికి పంపాలి.

దీనికి ఇంకో వైపు ఉంది. టైటిల్ గెలవడానికి ఒక గీత ఉందనుకోండి, పది. మీ జట్టు ఏడు దగ్గర ఉంది. ఖాయంగా ఒకటి పెంచే అనుభవజ్ఞుడు వస్తే ఎనిమిది. గీత కింద ఏడుకీ ఎనిమిదికీ తేడా ఏముంది? మీకు కావలసింది సున్నా కూడా కావచ్చు, నాలుగు కూడా కావచ్చు అన్న కుర్రాడు. అదే తొమ్మిదిన్నర దగ్గర ఉంటే లెక్క తలకిందులు. ఖాయమైన ఒకటి కోసం ఎన్ని పిక్‌లైనా ఇవ్వొచ్చు. లెబ్రాన్ తిరిగొచ్చాక 2014లో క్లీవ్‌లాండ్ రెండు వరస ఏళ్ల మొదటి పిక్‌లు విగిన్స్‌నీ, బెనెట్‌నీ వదులుకుని కెవిన్ లవ్‌ని తెచ్చుకుంది, 2016లో టైటిల్. లేకర్స్ 2019లో పిక్‌లు కుమ్మరించి డేవిస్‌ని తెచ్చుకున్నారు, 2020లో టైటిల్. రెండుచోట్లా గీత దగ్గరికి అప్పటికే తెచ్చిన మనిషి ఒకడే, లెబ్రాన్.

గీతకి దూరంగా ఉండి అమ్మితే? 2013లో బ్రూక్లిన్, 37 ఏళ్ల గార్నెట్, 35 ఏళ్ల పియర్స్ కోసం బోస్టన్‌కి మూడు ఏళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లూ, మరో ఏడు పిక్ మార్చుకునే హక్కూ ఇచ్చింది. ఆ పిక్‌ల్లోంచే 2016లో జేలెన్ బ్రౌన్ వచ్చాడు. ఆ హక్కే 2017లో ఫిలడెల్ఫియాకి వెళ్లిన మొదటి పిక్ అయింది. 2024 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు బ్రౌనే.

ఇంకొక్క హెచ్చరిక. స్టా, హోయాంగ్ అనే ఇద్దరు 1995లో ఎన్‌బీఏ లెక్కలు తీశారు. ఆట ఒకేలా ఉన్నా, ముందు పిక్‌లో వచ్చినవాణ్ణే జట్లు ఎక్కువ నిమిషాలు ఆడించాయి, ఎక్కువ ఏళ్లు అట్టిపెట్టుకున్నాయి. చప్పటి కాయని డబ్బు పోశామని చివరిదాకా తినడం ఇది. పిక్ వాడుకునే జట్టు కోసిన రోజు నుంచి పాత మోతని మరచిపోవాలి. 2014లో 41వ పిక్‌లో దొరికిన నికోలా యోకిచ్‌ని డెన్వర్ చూసిన తీరు అదే. అతని వరస సంఖ్య చూసి కూర్చోబెట్టి ఉంటే 2023 టైటిల్ వచ్చేది కాదు.

ఇక మావాడి ప్రశ్న. 2025 మేలో డాలస్ గీతకి దగ్గర లేదు. లూకా వెళ్లిపోయాడు, డేవిస్‌కి 32 నిండాయి, ఇంకో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలి గాయంతో ఉన్నాడు. జాబితాలో కూపర్ ఫ్లాగ్‌కీ తర్వాతివాళ్లకీ మధ్య తేడా పెద్దదని దాదాపు అందరి మాట. డబ్బు చూస్తే, కొత్తవాడి మొదటి ఏడాది జీతం సుమారు 1.38 కోట్ల డాలర్లు, జియానిస్‌ది సుమారు 5.4 కోట్లు. ఒకడికి 18 ఏళ్లు, ఇంకొకడికి 30. మూడు లెక్కలూ ఒకే వైపు తూగాయి. పిక్ అట్టిపెట్టుకోమని చెప్పాను.

"మరి లూకా?" అన్నాడు.

ఇదే లెక్కలో పెట్టి చూశాను. 25 ఏళ్లు, ఏడాది ముందే జట్టుని ఫైనల్స్‌కి తెచ్చినవాడు. తట్టి చూడాల్సిన పని లేని కాయ. ఆ ట్రేడ్‌ని సమర్థించే దారి నాకు ఈ లెక్కలో ఎక్కడా దొరకలేదు, ఆ మాటే వాడికి చెప్పాను.

జూన్ 25 రాత్రి బ్రూక్లిన్‌లో డ్రాఫ్ట్. మనకి 26 తెల్లవారుజామున ఐదున్నర దాటింది. కాఫీ కలుపుతుంటే ఫోన్ మోగింది. మెసేజ్: "ఫ్లాగ్‌నే తీసుకున్నారు మామయ్యా. కాయ ఇంటికొచ్చింది."