కీ సిగ్నేచర్ పెట్టాక కూడా షార్ప్ టైప్ చెయ్యాలా? టెక్స్ట్ నొటేషన్ అపోహలు, వాస్తవాలు

నిన్న మళ్ళీ అదే ప్రశ్న. "పైన డి మేజర్ అని చెప్పాను కదండీ, అయినా ఎఫ్ కొట్టిన ప్రతిచోటా పక్కన నాచురల్ గుర్తు వచ్చి కూర్చుంటోంది, మీ లిలీపాండ్‌లో బగ్ ఉందా?" అని. లిలీపాండ్ (అక్షరాల్లో టైప్ చేసిన సంగీతాన్ని అచ్చు నొటేషన్ పేజీగా గీసిపెట్టే ప్రోగ్రామ్) నాది కాదు మహాప్రభో, 1996లో హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అని ఇద్దరు మొదలుపెట్టారు. నేను దాంట్లో జనాలకి పార్టులు టైప్ చేసిపెట్టే మనిషిని, మధ్యమధ్యలో "ఇంతకంటే తేలిగ్గా ఉండే సింటాక్స్ (రాసే పద్ధతి) నేనే చేస్తా" అని బయల్దేరి చేతులు కాల్చుకున్న మనిషిని. ఆ కాలిన చేతుల్తోనే ఇది రాస్తున్నా. (స్వరాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఫైల్లో అవి రోమన్ అక్షరాలే అని మీకు తెలుసు. షార్ప్ అంటే స్వరం అరమెట్టు పైకి, ఫ్లాట్ అంటే అరమెట్టు కిందికి, నాచురల్ అంటే రెండూ లేని మామూలు స్వరం. కీ సిగ్నేచర్ అంటే ఏ స్వరాలు పాటంతా షార్ప్ లేదా ఫ్లాట్ అవుతాయో ముందే చెప్పే గుర్తులు, డి మేజర్‌లో ఎఫ్ అలా షార్ప్ అవుతుంది.)

అపోహ: కీ సిగ్నేచర్ ఒకసారి చెప్పేస్తే షార్ప్‌లు, ఫ్లాట్‌లు ప్రోగ్రామే చూసుకోవాలి.

వాస్తవం: లిలీపాండ్‌లో కీ సిగ్నేచర్ లైను పేజీ మీద ఏం గీయాలో చెప్తుంది, అంతే. మీరు కొట్టే స్వరం పేరు ఏది మోగాలో చెప్తుంది. ఎఫ్ షార్ప్ కావాలంటే ఫిస్ అని మొత్తం రాయాలి, డి మేజర్‌లో ఉన్నా రాయాలి. అప్పుడు "ఓహో, ఇది ఈ కీలో ఉన్నదే, పక్కన గుర్తు అక్కర్లేదు" అని ప్రోగ్రామ్ తేల్చుకుంటుంది. ఉత్త ఎఫ్ రాస్తే మీకు నిజంగానే ఎఫ్ నాచురల్ కావాలనుకుని బుద్ధిగా గుర్తు పెడుతుంది. మీరు చెప్పిందే చేసింది పాపం.

ఇది చెప్పగానే సగంమంది మొహం ముడుచుకుంటారు. నాకు అర్థమవుతుంది, నిజంగానే. ఏళ్ళ తరబడి పేజీ చూసి వాయించినవాళ్ళకి చెయ్యి పేజీని కాపీ చెయ్యడానికే అలవాటు పడి ఉంటుంది, అక్కడ మొదటి స్పేస్‌లో ఒక నల్ల చుక్క కనిపిస్తే దాన్ని ఎఫ్ అనుకుని ఎఫ్ కొడతారు, అందులో తప్పేం లేదు. కానీ కళ్ళకి కనిపించేది వేరు, దాని అర్థం వేరు. టైప్ చేసేటప్పుడు ఈ రెంట్లో దేన్ని రాస్తున్నామన్నదే ఇలాంటి ఏ సింటాక్స్ డిజైన్‌లోనైనా మొట్టమొదటి నిర్ణయం, మిగతావన్నీ దాని తర్వాతే. 1960ల్లో వచ్చిన డార్మ్స్ అనే కోడ్ ఒక కొసకి వెళ్ళింది, అందులో స్వరం పేరే రాయరు, గీతల మీద ఆ చుక్క ఏ ఎత్తులో ఉందో నంబర్ రాస్తారు. లిలీపాండ్ రెండో కొస. ఒక నొటేషన్ ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి స్కోరు పంపుకోవడానికి వాడే మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ చూడండి, 2004లో మొదటి వెర్షన్ వచ్చింది, అది కూడా డి మేజర్‌లో ఉన్న ఎఫ్ షార్ప్‌ని "మెట్టు ఎఫ్, మార్పు 1" అని పూర్తిగానే దాచుకుంటుంది, పేజీ మీద గీసే గుర్తుకి వేరే అర పెట్టుకుంటుంది. అంటే ఇది లిలీపాండ్‌వాళ్ళ పిచ్చి కాదు.

"మరి ఏబీసీలో అలా అడగదుగా?" అడగదు. ట్యూన్లు టెక్స్ట్‌గా రాసుకునే ఇంకో పద్ధతి ఈ ఏబీసీ, అందులో కీ డి అని రాస్తే ఎఫ్ అంటే ఎఫ్ షార్పే, నాచురల్ కావాలంటే ముందు = పెట్టాలి. లైబ్రరీ కేటలాగుల్లో పాట మొదటి కొన్ని బార్లు (తాళం చుట్లు) గుర్తుపట్టడానికి వాడే ప్లెయిన్ అండ్ ఈజీ కోడ్‌లో కూడా కీలో ఉన్న గుర్తులు మళ్ళీ రాయరు. అవి తప్పు డిజైన్లు అనను. ఒకే గొంతు, ఒకే కీ, పదహారు బార్ల ట్యూన్, మొత్తం కంటి ముందే ఉంటుంది, అలాంటిదానికి అదే హాయి. అదే పద్ధతిని నలభై పేజీల స్కోరుకి లాక్కొస్తేనే కొంప మునిగేది.

నా కొంప ఎలా మునిగిందో చెప్తా. మొదటిసారి సొంత సింటాక్స్ రాసుకున్నప్పుడు నేనూ "కీ చెప్పేశాక మళ్ళీ షార్ప్ కొట్టించుకోవడం ఏంటి, మోటుగా" అనుకుని కీ వర్తించేలా చేశాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఒక గాయకుడు అరమెట్టు పైకి కావాలన్నాడు, ఆ ఫైల్ వాడుతున్నతను ఏం చేశాడంటే పైన కీ లైనులో డి మేజర్ తీసేసి ఈ ఫ్లాట్ మేజర్ అని పెట్టాడు, ప్రింట్ కొట్టాడు. కింద డి, ఎఫ్, ఏ అని ఉన్నవి అలాగే ఉన్నాయి. డి మేజర్‌లో అవి డి, ఎఫ్ షార్ప్, ఏ, అంటే చక్కటి మేజర్ కార్డ్. ఈ ఫ్లాట్ మేజర్‌లో అవే అక్షరాలు డి, ఎఫ్, ఏ ఫ్లాట్ అయిపోయాయి, డిమినిష్డ్! పేజీ చూస్తే అద్దంలా ఉంది, ఒక్క ఎక్స్‌ట్రా గుర్తు లేదు. రిహార్సల్‌లో అందరూ కలిసి మొదటి కార్డ్ పట్టేదాకా ఎవరికీ తెలియలేదు. అదే తప్పు లిలీపాండ్‌లో చేసి ఉంటే స్వరాలు మారేవి కాదు, పేజీ నిండా షార్ప్‌లు, నాచురల్‌లు చీమల్లా పాకి "ఇక్కడేదో తేడా ఉంది" అని చూడగానే తెలిసేది. పేజీ అసహ్యంగా వస్తే ఎవడో ఒకడు అడుగుతాడు. అందంగా వచ్చి తప్పుగా ఉంటే ఎవడూ అడగడు. ఆ వారమే ఆ సింటాక్స్‌ని చెత్తబుట్టలో వేశాను.

ఇంకో లాభం గురించి ఎవరూ ముందు ఆలోచించరు. స్వరాన్ని పూర్తిగా రాస్తే ఆ ముక్క తనంతట తాను నిలబడుతుంది, దాన్ని కోసి ఇంకో ఫైల్లో, ఇంకో కీలో పెట్టినా అదే స్వరం. ట్రాన్స్‌పోజ్ (పాటని వేరే కీకి మార్చే) కమాండ్ నమ్మకంగా పనిచేసేది అందుకే. కీ మీద ఆధారపడే ముక్కని కాపీ చేస్తే, అది ఏ కీ నుంచి వచ్చిందో కూడా వెంట మోసుకెళ్ళాలి, ఎవరూ మోసుకెళ్ళరు.

"సరే, మోగేదే ముఖ్యమైతే మిడి నంబర్ రాస్తే పోలే?" అని ఒక తెలివైన కుర్రాడు అడిగాడు. పోదు. మిడి అంటే కంప్యూటర్ స్వరాలు మోగించడానికి వాడే నంబర్ల పద్ధతి, అందులో 66 అంటే ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ కూడా. వినడానికి పియానో మీద ఒకటే, పేజీ మీద రెండూ వేరు వేరు చోట్ల కూర్చుంటాయి. నంబర్‌లో ఆ పేరు పోయిందంటే మళ్ళీ ఊహించుకోవాల్సిందే.

అపోహ: ఎంత తక్కువ మీటలు నొక్కితే అంత మంచి సింటాక్స్.

ఇది ప్రోగ్రామర్లు పుట్టించిన పుకారు. టైపింగ్‌కి పట్టే టైమ్ ఎంతండీ, తప్పు వెతకడానికి పట్టే టైమ్‌లో పదో వంతు కూడా ఉండదు నా అనుభవంలో. లిలీపాండ్‌లో డ్యూరేషన్ (నోట్ పొడవు) ఒకసారి చెప్తే తర్వాతి నోట్లకి అదే అంటుకుంటుంది, చాలా సుఖం, కానీ "సి4 డి8 ఇ ఎఫ్4 జి" కొట్టబోయి ఎఫ్ పక్కన 4 మర్చిపోతే ఎఫ్, జి కూడా ఎనిమిదో వంతు నోట్లయిపోతాయి, నాలుగు బీట్ల బార్ మూడుకే అయిపోతుంది, తర్వాత బార్లన్నీ ఒక్కో బీట్ ముందుకి జరుగుతాయి. అందుకే బార్ చివర నిలువు గీత | కొట్టమని మొత్తుకునేది. అది బార్ లైన్ గీయదు (ఏబీసీలో గీస్తుంది, అక్కడినుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ తడబడతారు), ఇక్కడ బార్ పూర్తవ్వాలి అని మీరు చెప్పే సాక్ష్యం మాత్రమే. పూర్తవ్వకపోతే 3/4 దగ్గర చెక్ ఫెయిలయింది అని వార్నింగ్ ఇస్తుంది. వార్నింగే కదా, పీడీఎఫ్ వచ్చిందిగా అని వదిలెయ్యకండి. మొట్టమొదటి వార్నింగ్ ఉన్న బార్‌కి వెళ్ళండి, అది సరిచేస్తే కింద ఉన్నవి చాలావరకు వాటంతటవే పోతాయి. నేను డిజైన్ చేసేటప్పుడు ఇప్పుడు పెట్టుకున్న రూల్ కూడా ఇదే, ఎక్కడ క్లుప్తత ఇస్తానో అక్కడ ఒక కాపలా కూడా ఇస్తాను.

రెలెటివ్ మోడ్ కూడా ఈ బాపతే. ముందు నోట్‌కి దగ్గరగా ఉన్న ఆక్టేవ్‌ని (స్థాయిని) అదే తీసుకుంటుంది, నాలుగు మెట్లలోపు ఉన్నది. సి, ఇ, జి, సి అంటే వరసగా పైకి ఎక్కుతుంది. మధ్యలో ఇ తీసేయండి. సి నుంచి జికి పైకి అయిదు మెట్లు, కిందికి నాలుగు, కాబట్టి జి కిందికి పడిపోతుంది, దాని తర్వాతి సి మళ్ళీ మొదటి సి దగ్గరికే వస్తుంది, అక్కడినుంచి ఆ లైన్ అంతా ఒక ఆక్టేవ్ కింద. ఒక్క నోట్ చెరిపినందుకు! భయపడక్కర్లేదు, నాలుగైదు లైన్లకి ఒకసారి కొత్తగా రెలెటివ్ మొదలుపెట్టుకోండి, నష్టం అక్కడితో ఆగుతుంది.

ఇక మిగిలిన అపోహలు గబగబా.

"నంబర్ ఎక్కడైనా నంబరే." కాదు. లిలీపాండ్‌లో సి పక్కన 2 అంటే అర నోట్, 4 అంటే పావు. ఏబీసీలో 2 అంటే బేస్ పొడవుకి రెట్టింపు, 4 అంటే నాలుగింతలు. ఒకదాంట్లో అంకె పెరిగితే నోట్ చిన్నదవుతుంది, ఇంకోదాంట్లో పెద్దదవుతుంది. ఆ బేస్ పొడవు చెప్పకపోతే ఏబీసీ తాళం చూసి తనే నిర్ణయించుకుంటుంది, 2/4కి పదహారో వంతు, 3/4కి ఎనిమిదో వంతు, కాబట్టి ఎల్ లైన్ (బేస్ పొడవు చెప్పేది) రాసి పడెయ్యండి, గొడవ వదిలిపోతుంది.

"స్వరం పేర్లు ప్రపంచమంతా ఒకటే." ఎక్కడ? జర్మన్‌లో బి అంటే బి ఫ్లాట్, మామూలు బిని హెచ్ అంటారు. లిలీపాండ్ డిఫాల్ట్ డచ్ పేర్లు, అక్కడ ఏ తర్వాత ఎస్ కొడితే ఏ ఫ్లాట్. లాంగ్వేజ్ ఇంగ్లీష్ అని పెట్టి అదే రెండక్షరాలు కొడితే ఏ షార్ప్. నెట్‌లో దొరికిన ముక్క అతికించేముందు పైన లాంగ్వేజ్ లైన్ ఉందేమో చూడండి.

"ఖాళీలు ఎన్ని పెట్టినా ఒకటే." లిలీపాండ్‌లో దాదాపు అంతే. ఏబీసీలో ఎనిమిదో వంతు నోట్లు కలిపి కొడితే బీమ్ (నోట్లని కలిపే అడ్డగీత) కలుస్తుంది, విడదీసి కొడితే తెగుతుంది.

"ఇదంతా ప్రోగ్రామర్లకే, మాకు రాదు." ఈ భయంతో వచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, ఎందుకంటే వాళ్ళలో చాలామంది నాకంటే శుద్ధంగా టైప్ చేస్తారు. చూపు లేని సంగీతకారులు స్క్రీన్ రీడర్‌తో అక్షరం అక్షరం వింటూ స్కోర్లు రాయగలుగుతున్నారంటే ఫైల్ మామూలు టెక్స్ట్ కావడమే కారణం.

"వెర్షన్ మారితే పాత ఫైళ్ళు బూడిదే." పైన వెర్షన్ లైన్ రాసి ఉంచితే కన్వర్ట్-లై అనే ప్రోగ్రామ్ చాలావరకు కొత్త సింటాక్స్‌కి మార్చిపెడుతుంది. అన్నీ కాదు, చాలావరకు. ఆ లైన్ రాయకపోతే దానికి ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలీదు.

మళ్ళీ మొదటి అపోహకే వస్తా, ఎందుకంటే ఇప్పుడు ఈ క్షణంలో కూడా ఎవరో ఒకరు ఈ పని చేస్తూనే ఉంటారు. కోయిర్‌కి పార్టులు తయారుచేసే ఒకావిడ పన్నెండు పేజీల ఫైల్ పంపించారు, పేజీ అంతా బానే ఉంది, మిడి మాత్రం తప్పుగా మోగుతోంది, మిడి బగ్ అని ఆవిడ నమ్మకం. తెరిచి చూస్తే అన్నీ ఉత్త ఎఫ్‌లు, ఉత్త సిలు, నాచురల్ గుర్తులు చికాకు పెడుతున్నాయని ఎవరో చెప్పిన సలహా మీద యాక్సిడెంటల్స్‌ని (నోట్ పక్కన పడే షార్ప్, ఫ్లాట్, నాచురల్ గుర్తుల్ని) మొత్తం దాచేసే కమాండ్ పైన పెట్టారు. గుర్తు దాస్తే ఎఫ్ నాచురల్ డి మేజర్‌లో ఎఫ్ షార్ప్ లాగే కనిపిస్తుంది కదా! ఆ సలహా ఇచ్చిన మహానుభావుడెవరో గానీ దొరికితే ఆ పన్నెండు పేజీలూ అతని చేతే టైప్ చేయించాలి.

ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఎఫ్ అన్నవన్నీ ఫిస్ చేసేద్దామా అని ఆవిడ అడిగారు, వద్దని దణ్ణం పెట్టాను. ఫోర్టేకి (గట్టిగా అని చెప్పే గుర్తుకి) కొట్టే \ఎఫ్ కూడా మారిపోతుంది, అక్కడక్కడా సరిగ్గా రాసిన ఫిస్‌లు ఫిసిస్ అవుతాయి, ఫిసిస్ అంటే డబుల్ షార్ప్, అది సరైన పేరే కాబట్టి ఎర్రర్ కూడా రాదు. పైగా పాటలో నిజంగా ఎఫ్ నాచురల్ ఉన్నచోట్లు కూడా దాచిన వాటిలోనే కలిసిపోయి ఉన్నాయి.

చేసిందేమిటంటే, ముందు ఆ దాచే కమాండ్ తీసేశాం. నాచురల్ గుర్తులన్నీ బయటపడ్డాయి, ప్రతి గుర్తూ ఒక ప్రశ్న. చేతిరాత కాపీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ దిద్దడం, దిద్దిన పేజీకి మిడి వినడం, తర్వాతి పేజీ. "దిద్దుతుంటే మళ్ళీ ఆక్టేవ్‌లు జారిపోవు కదండీ?" అని రెండుసార్లు అడిగారు ఆవిడ. జారవు, రెలెటివ్ మోడ్ అక్షరాల మధ్య దూరమే లెక్కపెడుతుంది, షార్ప్, ఫ్లాట్ పట్టించుకోదు, ఎఫ్‌ని ఫిస్ చేసినా తర్వాతి నోట్ ఉన్నచోటే ఉంటుంది. రెండో రోజు సాయంత్రానికి అయిపోయింది. తొమ్మిదో పేజీలో ఆల్టో గొంతుకి మూడు అసలైన ఎఫ్ నాచురల్‌లు దొరికాయి, అప్పటిదాకా వాటిని అందరూ షార్ప్‌గానే పాడుతున్నారట.