కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చాక వినిపించే మాటలు: అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేసేవాళ్ళకి కొలెస్ట్రాల్ సంభాషణ చాలాసార్లు రొయ్యలతోనే మొదలవుతుంది. హార్బర్ ఉన్న ఊరు మరి. కుర్చీలో కూర్చోకముందే "రొయ్యలు మానేశాను డాక్టరు గారూ" అంటారు. మానమని నేను చెప్పలేదు.

అపోహ: రొయ్యలు, గుడ్లు మానేస్తే కొలెస్ట్రాల్ దిగిపోతుంది

100 గ్రాముల రొయ్యల్లో 150 నుంచి 200 మిల్లీగ్రాముల వరకు కొలెస్ట్రాల్ ఉంటుంది, ఒక గుడ్డు పచ్చసొనలోనూ దాదాపు అంతే. కానీ రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసేదే. తిండిలో ఉన్న కొలెస్ట్రాల్ కంటే, అందులోని సాచురేటెడ్ కొవ్వు వల్ల చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, ఎక్కువ పెరుగుతుంది. నెయ్యి, వెన్న, వేటమాంసంలో కొవ్వు ముక్కలు, పామాయిల్, కొబ్బరినూనె ఈ జాబితాలోకి వస్తాయి. రొయ్యల్లో అది చాలా తక్కువ. కాబట్టి రొయ్యల జోలికి నేను పెద్దగా పోను, ఇగురు మీద తేలే నూనె గురించే అడుగుతాను. రొయ్యలు మానేసి, బీచ్‌లో వాకింగ్ అయ్యాక ప్లేటు పునుగులు లాగించేవాళ్ళు తక్కువేం లేరు.

చేపల విషయానికొస్తే, కానాగంతలు, కవ్వళ్ళు వంజరం కన్నా చవక. వాటిలో ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది. పులుసు పెట్టుకోండి, వేపుడు మాత్రం తగ్గించండి.

అపోహ: డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసుంటే మంచి నూనె

వేరుశనగ, పొద్దుతిరుగుడు, పామ్, నువ్వులు... మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అంటే ఆ ముక్క ఏ డబ్బా మీదైనా రాయొచ్చు. చూడాల్సింది సాచురేటెడ్ కొవ్వు ఎంతుందని. పామాయిల్‌లో అది దాదాపు సగం, కొబ్బరినూనెలో 90 శాతం దాకా ఉంటుంది. నూనె ఏదైనా ఒక టీస్పూనుకి సుమారు 45 కేలరీలు. ఇంట్లో మనిషికి నెలకి అర లీటరు దాటకుండా చూసుకుంటే చాలు.

అపోహ: టోటల్ 200 లోపే ఉంది, నాకేం పర్లేదు

ఇక్కడ కాస్త ఆగుదాం. షుగరున్న 52 ఏళ్ళ మనిషి రిపోర్టు ఇలా ఉందనుకోండి: టోటల్ కొలెస్ట్రాల్ 192, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 31, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) 260, ఎల్‌డీఎల్ 109. మొదటి అంకె పక్కన లాబ్ వాళ్ళు నార్మల్ అని ముద్రిస్తారు, ఇంట్లో వాళ్ళంతా ఊపిరి పీల్చుకుంటారు. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 161 మిగులుతుంది. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు, రక్తనాళాలకి హాని చేసే రకాలన్నీ ఇందులోనే ఉంటాయి. షుగరున్న మనిషికి ఇది 130 లోపు ఉండాలి, చాలామందికి 100 లోపు ఉంటేనే మంచిది.

మనవాళ్ళలో తరచుగా కనిపించేది ఇలాంటి రిపోర్టే: ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు. దీనికి మాంసాన్ని తిట్టి లాభం లేదు. కంచం నిండా అన్నం, రోజుకి నాలుగైదు సార్లు పంచదార టీ, శనివారం రాత్రి మందు పార్టీ, అసలు కారణాలు ఇవి. శాకాహారులం కదా అని ధీమాగా ఉండేవాళ్ళలోనూ ఇదే చూస్తాం.

ఎల్‌డీఎల్ ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి మారుతుంది. ఏ జబ్బూ లేనివాళ్ళకి 100 లోపు, షుగరున్న చాలామందికి 70 లోపు, గుండెపోటు వచ్చినా స్టెంట్ పడినా 55 లోపు చూస్తాం. పక్కింటాయన రిపోర్టుతో పోల్చుకోవద్దు.

అపోహ: "ఆయాసం లేదు, కళ్ళు తిరగవు, మనిషిని సన్నంగా ఉన్నాను, నాకేటి కొలెస్ట్రాల్?"

కొలెస్ట్రాల్‌కి లక్షణాలుండవు. సన్నగా ఉన్నా ఉంటుంది. 20 ఏళ్ళు దాటాక ఒకసారి పరీక్ష చేయించుకోండి. చాలామందికి పరగడుపున ఇవ్వాల్సిన పని కూడా లేదు, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అప్పుడు పరగడుపున మళ్ళీ చూస్తాం. ఎల్‌డీఎల్ ఉన్నట్టుండి పెరిగితే థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

అపోహ: రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక మాత్ర ఆపేయొచ్చు

నాకు అన్నింటికంటే టెన్షన్ పెట్టే మాట ఇదే. స్టెంట్ పడిన పెద్దాయన మూడు నెలలు మాత్ర వేసుకుంటారు, ఎల్‌డీఎల్ 140 నుంచి 60కి దిగుతుంది, "తగ్గిపోయింది కదా" అని ఆపేస్తారు. తగ్గించింది ఆ మాత్రే. స్టాటిన్ అనే ఈ రకం మాత్ర లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటుంది. దాంతో లివర్ తనకి కావాల్సింది రక్తంలోంచి లాక్కుంటుంది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే అంకె మళ్ళీ పాత చోటికి చేరుతుంది. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలంటే ఒప్పుకునేవాళ్ళు కూడా దీని దగ్గరికొచ్చేసరికి బేరం పెడతారు.

భయాల్లో పెద్దది కండరాల నొప్పులు. కొందరికి నిజంగానే వస్తాయి, మోతాదో మందో మార్చొచ్చు. అయితే 2020లో ఇంగ్లండ్‌లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసినవాళ్ళకే కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. షుగర్ రావడానికి దగ్గర్లో ఉన్నవాళ్ళకి స్టాటిన్ వల్ల అది కాస్త ముందే బయటపడొచ్చు, అది నిజం. గుండె విషయంలో వచ్చే లాభం దానికంటే ఎక్కువ. ఒళ్ళంతా విపరీతంగా నొప్పులు పుట్టి మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం మాత్ర ఆపేసి ఆ రోజే డాక్టర్ని కలవండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు ముందే చెప్పాలి.

"ఇంగ్లీషు మందు వద్దు, నేచురల్‌ది ఇవ్వండి" అనేవాళ్ళకి ఒక సంగతి: స్టాటిన్ల కుటుంబంలో మొదటిదాన్ని 1970ల్లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజులోంచే పట్టుకున్నారు.

అపోహ: నిమ్మ, అల్లం, వెల్లుల్లి కషాయంతో బ్లాకులు కరుగుతాయి

కొలెస్ట్రాల్ రక్తనాళం లోపల గోడకి అంటుకుని ఉండదు, గోడ మందంలోకి చేరి ఉంటుంది. తాగిన కషాయం దాన్ని కడగలేదు. పచ్చట్లోకి వెల్లుల్లి వేసుకోండి, మాత్రకి బదులుగా వద్దు.

అపోహ: రోజూ బీచ్ రోడ్డులో నడుస్తున్నాను, చాలదా?

నడకతో ట్రైగ్లిజరైడ్లు, షుగరు, బీపీ తగ్గుతాయి. ఎల్‌డీఎల్ మాత్రం పెద్దగా దిగదు. నడక ఆపకండి, రిపోర్టూ చూపించండి.

అపోహ: పిల్లలకి కొలెస్ట్రాల్ ఏంటి?

ఇంట్లో పెద్దవాళ్ళకి ఎల్‌డీఎల్ 190 దాటిందంటే అది వంశపారంపర్యంగా వచ్చిందేమోనని అనుమానించాలి. మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) లావెక్కడం, కనురెప్పల మీద పసుపు మచ్చలు కూడా ఆనవాళ్ళే. తండ్రికి 55 లోపు, తల్లికి 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ ఇంట్లో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ, పదేళ్ళు దాటకముందే పిల్లలకీ ఒకసారి లిపిడ్ పరీక్ష చేయించండి. కనిపెడితే చిన్న వయసు నుంచే తిండితోనూ, అవసరమైతే మందుతోనూ అదుపు చేయొచ్చు.