చారిత్రక స్థలాల్లో జనానికి చోటెంత? విశాఖపట్నం నేపథ్యం

మ్యూజియం ఆవరణలో పిల్లలకు బొమ్మల తరగతి పెట్టవచ్చా, బౌద్ధారామం ఉన్న కొండ మీద సంగీత సభ జరపవచ్చా, పాత టౌన్ హాలును నాటక సమాజాలకు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నలు విశాఖపట్నంలో ఇటీవలే మొదలైనట్టు అనిపించినా, వాటి వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఈ స్థలాలను ఎవరూ తాకకుండా కాపాడాలనే వాదనా, జనం రాకపోకలు లేకపోతే అవే పాడుబడతాయనే వాదనా రెండూ ఇక్కడి అనుభవం నుంచి పుట్టినవే. అందువల్ల ఎవరిది సరైన మాట అని తేల్చేముందు, ఏ స్థలంలో జనం ఏం చేస్తూ వచ్చారో చూడటం అవసరం.

ఆ చూపు అనకాపల్లి పక్కనున్న శంకరం గ్రామం నుంచి మొదలుకావాలి. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న ఈ గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద బ్రిటిష్ కాలపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే 1907-08లో తవ్వకాలు జరిపి, కొండరాతిలో తొలిచిన గుహలను, రాతి స్తూపాలను, ఇటుక కట్టడాలను వెలుగులోకి తెచ్చాడు. పండితులకు అది బౌద్ధక్షేత్రం అయింది కానీ, చుట్టుపక్కల పల్లెల వాళ్లకు అది అంతకుముందు నుంచే కనుమ పండుగ నాడు కుటుంబాలతో కలిసి వెళ్లే కొండ. ఆ రోజు అక్కడ పొట్ట ఆకారంలో ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడి శరీర భాగమని నమ్మి, దానిమీద రాళ్లు రువ్వే ఆచారం ఏళ్ల తరబడి సాగింది. రాళ్లు విసిరినవాళ్లలో ద్వేషం ఉందని నేను అనుకోను. ఆ కొండ ఎవరిదో, ఏమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు; చెప్పవలసిన పురావస్తు శాఖ బోర్డు పాతి తన పని అయిందనుకుంది. చివరకు వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చొరవ తీసుకున్నాక ఆ ఆచారం ఆగింది. అయితే కనుమ నాడు జనం కొండకు రావడం మాత్రం ఆగలేదు, ఆపాలని ఎవరూ ప్రయత్నించనూ లేదు. ఈ ప్రాంతపు అనుభవాలన్నిటిలో నాకు అతి విలువైనదిగా కనిపించేది ఇదే. జనానికీ కొండకూ ఉన్న బంధాన్ని తెంచకుండా, కట్టడానికి హాని చేసే పనిని మాత్రం మాన్పించగలిగారు.

చట్టం ఈ విషయాన్ని వేరే దారిలో చూసింది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద 1959లో వచ్చిన నిబంధనల ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడంలో సభ, విందు, సమావేశం, వినోద కార్యక్రమం ఏది జరపాలన్నా కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి ఉండాలి. గుర్తింపు పొందిన మతాచారం ప్రకారం జరిగే సమావేశాలకు మాత్రం ఈ షరతు వర్తించదు. 2010 సవరణ కట్టడం చుట్టూ 100 మీటర్లను నిర్మాణాలకు నిషిద్ధ ప్రాంతంగా, దాని ఆవల మరో 200 మీటర్లను నిర్మాణాలకు అనుమతి కావలసిన నియంత్రిత ప్రాంతంగా చేసింది. రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. పాత ఇటుకను, రాతిని దృష్టిలో పెట్టుకుంటే ఈ కట్టుబాట్లు అవసరమే, కాదనలేం. కాని వీటివల్ల పూజ పరంపరగా వచ్చిన హక్కుగానూ, పాటా పద్యమూ అర్జీ పెట్టుకుని పొందవలసిన వరంగానూ మిగిలాయి. పెద్ద సంస్థలు ఆ అర్జీ పెట్టుకోగలవు. పదిమంది కలిసి నడిపే సాహిత్య బృందానికి, బస్తీలో పిల్లలకు తప్పెటగుళ్లు నేర్పే గురువుకు అది అందని దారి.

తొట్లకొండ కథ ఇంకా చిక్కైనది. నగరం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఈ కొండ మీద రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపింది. స్తూపాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు అక్కడ బయటపడ్డాయి. వాటికన్నా మన చర్చకు దగ్గరైనవి స్తంభాల సమావేశ మండపం, వంటశాల, భోజనశాల. రెండువేల ఏళ్ల కిందట అది మనుషులు గుమికూడి విని, మాట్లాడి, కలిసి తిన్న చోటు. అక్కడ జనం కూర్చోవడమే అపచారమన్న వాదన ఆ పునాదుల ముందు నిలవదు. ఇప్పటికీ బుద్ధ పూర్ణిమకు ప్రార్థనలు జరుగుతాయి, వారసత్వాన్ని ప్రేమించే నగరవాసులు అక్కడికి నడిచి వెళ్తారు.

అదే కొండ మరో పాఠం కూడా చెబుతుంది. 1978లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన 3,000 ఎకరాలకు పైగా భూమి అంతటికీ రక్షణ ఉండాలా, తవ్వకాలు జరిగిన చోటు చుట్టూ సుమారు 120 ఎకరాలకు ఉంటే సరిపోతుందా అన్న వివాదం ఏళ్లుగా నలుగుతోంది. గత దశాబ్దంలో సినీరంగానికి చెందిన ఒక సాంస్కృతిక కేంద్రానికి కొండ పరిసరాల్లో స్థలం కేటాయించినప్పుడు వారసత్వ ప్రేమికులు హైకోర్టు దాకా వెళ్లారు. అప్పటి నుంచి ‘సాంస్కృతిక వినియోగం’ అనే మాట వినగానే భూమి చేతులు మారుతుందేమోనన్న అనుమానం నగరంలో పాతుకుపోయింది. ఆ అనుమానం న్యాయమైనదే. సాయంత్రం వచ్చి పాట పాడి వెళ్లిపోయే బృందాన్నీ, గోడ కట్టి గేటు పెట్టే సంస్థనూ ఒకే పేరుతో పిలవడం వల్ల నష్టపోయింది మొదటివాళ్లే. ఇక 2019 అక్టోబరు వర్షాలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. జనం తాకిడి లేకుండానే వాన దెబ్బకు దెబ్బతిన్న కట్టడం, వేదికల బరువునూ పెద్ద స్పీకర్ల మోతనూ ఎంతవరకు ఓర్చుకోగలదో లెక్క కట్టకుండా ఎవరూ అనుమతి ఇవ్వకూడదు.

నగరం లోపలి మ్యూజియాల పరిస్థితి వేరు. బీచ్ రోడ్డులో డచ్చి కాలపు బంగళాగా చెప్పుకునే భవనంలో 1991లో విశాఖ మ్యూజియం తెరిచారు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు నగరం మీద దాడి చేసినప్పుడు పడిన బాంబు అక్కడ ప్రదర్శనలో ఉంది. 2001లో నౌకాదళ సేవ నుంచి విరమించిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002లో రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా మారింది, దానికి ఎదురుగా టీయూ-142 విమాన మ్యూజియాన్ని 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. ఇవన్నీ చూసి వెళ్లడానికి కట్టినవే తప్ప కూర్చుని ఏదైనా చేయడానికి కావు. 91 మీటర్ల పొడవున్నా లోపల మనిషి వెనుక మనిషి నడవవలసిన జలాంతర్గామిలో సభలు సాధ్యం కాదు కూడా. అయినా కురుసురలో విశ్రాంత నావికులు సందర్శకులకు తమ సేవాకాలపు జీవితాన్ని వివరిస్తారు. ఆ వస్తువుతో బతికిన మనుషుల నోట కథ వినిపించడం మన మ్యూజియాల్లో అరుదు. అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2022లో ప్రేగ్‌లో ఆమోదించిన నిర్వచనంలో సమాజాల భాగస్వామ్యం గురించి రాసుకున్నారు. ఇక్కడ ఆ పని అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది.

పాత నగరంలో కళకు చోటిచ్చినది మ్యూజియాలు కాదు, దాతల భవనాలు. బొబ్బిలి రాజావారి విరాళంతో లేచిన టౌన్ హాలు, బీచ్ రోడ్డులో ఇప్పటి ఒడిశాలోని జయపురం రాజవంశం కట్టించిన హవామహల్ ఈ కోవలోవే. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అబ్బూరి రామకృష్ణారావు 1940ల్లో ప్రయోగాత్మక నాటకశాలను నడిపించారు. అంటే ఈ ఊరి జనానికి నాటకాలకూ గోష్ఠులకూ రావడం కొత్తగా నేర్పనక్కరలేదు.

నేర్పవలసింది ఆఫీసులకు. బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖది, తొట్లకొండ రాష్ట్ర శాఖది, విశాఖ మ్యూజియం నగరపాలక సంస్థది, కురుసుర నగరాభివృద్ధి సంస్థది, హవామహల్ ప్రైవేటు ఆస్తి. ఒక కవి సమ్మేళనం జరపదలచినవాళ్లు ఐదు గుమ్మాలు తొక్కాలి, ప్రతిచోటా వేర్వేరు రుసుము, వేర్వేరు గడువు. ఏ ఆవరణలో ఎంతమంది కూర్చోవచ్చు, మైకు పెట్టవచ్చా లేదా, దీపాలు ఎంత దూరంలో ఉండాలి, చెత్త ఎవరు తీయాలి అన్న వివరాలను తెలుగులో ఒకే కాగితం మీద అచ్చువేసి ప్రతి గేటు దగ్గరా అంటించడానికి చట్ట సవరణ అక్కరలేదు. కట్టడాన్ని తాకని పచ్చిక బయళ్లు, ప్రవేశ ద్వారాల ముందున్న ఖాళీ స్థలాలు, విశాఖ మ్యూజియం ఆవరణ వంటి వాటితో ఈ పని వెంటనే మొదలుపెట్టవచ్చు.