అరకు తోటలో ఏం చూడాలంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు అరకు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి చేరేసరికి రెండు పక్కలా కాఫీ తోటలే. చాలామంది అక్కడ బండి ఆపి, పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లను అల్లుకున్న మిరియాల తీగను చూసి అదే కాఫీ అనుకుని ఫొటో దిగి వచ్చేస్తారు. కాఫీ ఆ చెట్ల కింద ఉంటుంది. మనిషెత్తు మొక్క, నిగనిగలాడే ఆకు, కణుపు కణుపునా గుత్తులుగా కాయలు.

పేరు అరకుదే గానీ పంట పాడేరు ఏజెన్సీ అంతటా ఉంది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు అన్నీ అందులోవే. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరబికా అంటే ఇక్కడ పండే కాఫీ రకం. 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున్న ఈ కొండలతో పాటు, ఆనుకుని ఉన్న ఒడిశా కొండల కాఫీకీ అదే పేరు చెల్లుతుంది. పండించేది గిరిజన కుటుంబాలు, చిన్న చిన్న కమతాల్లో.

నీడ ఎందుకని అడుగుతారు కదూ. అరబికాకు పెద్ద శత్రువు కాండం తొలిచే పురుగు. దాని తల్లి ఎండ తగిలి వేడెక్కిన కాండాన్నే వెతుక్కుని బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపల సొరంగాలు చేస్తే ఆకులు పసుపెక్కి మొక్క వాడిపోతుంది. అప్పుడిక పీకి కాల్చేయడమే. అలాగని నీడ మరీ చిక్కబడితే పూత తగ్గుతుంది, అందుకే చెట్ల కొమ్మలు అప్పుడప్పుడూ కొడుతుంటారు.

మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడాలి. ఆ తడి కోసమే మొగ్గలు కాచుకుని ఉంటాయి. వాన పడిన ఎనిమిది, పది రోజులకు తోటంతా తెల్లబడి మల్లెల వాసన వేస్తుంది. రెండు మూడు రోజులే ఆ వేడుక. పువ్వు నుంచి పండుకు ఎనిమిది, తొమ్మిది నెలలు. కాబట్టి మీరు వెళ్లేసరికి కోతలు ఇంకా సాగుతుంటాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఒకే గుత్తిలో ఎర్ర పండూ, పసుపు కాయా, పచ్చి కాయా పక్కపక్కనే ఉంటాయి. మంచి కాఫీ కావాలంటే ఎర్రవి మాత్రమే గిల్లి, మిగతావాటికి మళ్లీ రావాలి. ఒక్కో మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు. గుత్తి మొత్తం దూసేస్తే పని త్వరగా అవుతుంది గానీ పచ్చి కాయ కలిసిన కాఫీకి గడ్డి వాసన, వగరు వస్తాయి. ఎంత బాగా వేయించినా పోవు. దూసేవాళ్లను తప్పుపట్టకండి. ఎర్రదానికీ పచ్చిదానికీ ఒకే ధర కట్టే బేరం ఉన్నచోట ఎవరైనా దూస్తారు.

తోట వాళ్లనడిగి ఒక పండు నొక్కి చూడండి. తొక్క, తియ్యటి గుజ్జు, దాని కింద వేళ్లకు జారే జిగురు, దాని లోపల పార్చ్‌మెంట్ అనే గట్టి పొర, ఇంకా లోపల ఉల్లిపొరలాంటి పలచటి పొట్టు. వీటన్నిటి లోపల రెండు గింజలు, చదునైన వైపులు ఎదురెదురుగా. ఎప్పుడైనా ఒకటే గుండ్రటి గింజ ఉంటే దాన్ని పీబెర్రీ అంటారు.

కోసిన పండును ఆరోజే పల్పర్‌లో, అంటే తొక్క ఒలిచే మరలో వేయాలి. ముందు నీళ్లలో పోసి తేలినవి తీసేస్తారు, అవి తాలు. పల్పర్ సందు సరిగ్గా బిగించకపోతే గింజకు గాట్లు పడి తర్వాత నల్లబడుతుంది. తొక్క పోయాక జిగురుతో ఉన్న గింజను తొట్టిలో పులియబెడతారు. అరబికాకు సుమారు 24 నుంచి 36 గంటలు. చలి ఎక్కువైతే ఇంకాస్త పడుతుంది కాబట్టి గడియారం ఒక్కదాన్నే నమ్మకూడదు. పిడికెడు గింజలు కడిగి పిసికితే గులకరాళ్లలా గరగరమనాలి. ఇంకా జారుతుంటే కాలేదన్నమాట. మరిచిపోయి వదిలేస్తే పుల్లటి కంపు పట్టుకుంటుంది. అలాంటి గింజలు కొన్ని కలిసినా మొత్తం కాఫీ పాడవుతుంది.

కడిగాక ఆరబెట్టడం. మట్టి నేల మీద పోస్తే మట్టి వాసన పీలుస్తుంది, అందుకే వలబల్లల మీద పలచగా పరిచి తరచూ తిరగేస్తారు. రాత్రి మంచు పడకుండా కప్పాలి. తేమ పదో వంతుకు దిగేదాకా, ఎండను బట్టి వారం, పది రోజులు. కొలత పాత్ర నిండా పోసి రోజూ తూస్తే, వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టే. తొందరపడి మూట కడితే బూజు పడుతుంది. ఇంత చేస్తే సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో పచ్చి గింజ మిగులుతుంది. దానికి కాఫీ వాసనే ఉండదు, వేయిస్తేనే వస్తుంది.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నా. తోటలోంచి పండు ఒక్కటి కూడా జేబులో వేసుకోకండి. నువ్వుగింజకన్నా చిన్నదైన కాయతొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతంలోనూ కనిపించింది. అది పండు బొడ్డు దగ్గర చిల్లి చేసుకుని లోపల కాపురం పెడుతుంది. మీ జేబులోంచి ఇంకో తోటలో జారిపడితే చాలు, అక్కడా మొదలవుతుంది. పురుగు పట్టిన కాయలను వేడి నీళ్లలో ముంచి దాన్ని చంపుతారు.

వచ్చేటప్పుడు నాకో పావుకిలో తెండి. కాఫీలో కలిపే చికోరి వేరు పొడి ఎంత శాతమో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదివి, చికోరి లేనిదే తీసుకోండి. పొడి వద్దు, వేయించిన గింజ చాలు. ఇంట్లోనే మర ఉంది.

మీ తాతయ్య