మీ గొప్ప టీమ్ ఏదో చెబితే మీ వయసు చెప్పొచ్చు

హైదరాబాద్‌లో ఆటల పిచ్చి ఉన్నవాళ్లని "అన్నిటికన్నా గొప్ప టీమ్ ఏది?" అని అడిగి చూడండి. తొంభైకి దగ్గర పడ్డవాళ్లయితే సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ అంటారు. కోచ్ రహీమ్ సాబ్, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్పు. అరవై అయిదు చుట్టుపక్కల ఉన్నవాళ్లు హాకీ అంటారు, 1975 ప్రపంచ కప్ అంటారు. నలభైకి చేరువైనవాళ్లు కాస్త మొహమాటపడుతూ హైదరాబాద్ సుల్తాన్స్ పేరెత్తుతారు. గచ్చిబౌలిలో 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గెలిచింది వాళ్లే. జవాబులు వేరైనా అందరూ కలిసే చోటు ఒకటుంది: "గప్పటి ఆట ఇప్పుడేడిది సార్?"

ఆ గెలుపుల సంవత్సరంలోంచి చెప్పినవాళ్లు పుట్టిన సంవత్సరం తీసేస్తే సంగతి బయటపడుతుంది. దాదాపు అందరికీ అప్పుడు పదిహేనుకీ ఇరవైకీ మధ్య వయసు.

దీన్ని పరీక్షించినవాళ్లున్నారు. స్టీవ్ యాన్సెన్, డేవిడ్ రూబిన్, మార్టిన్ కాన్వే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 619 మంది డచ్ వాళ్లని 'ఇప్పటిదాకా ఆడినవాళ్లలో మేటి అయిదుగురు ఫుట్‌బాలర్లు ఎవరు?' అని అడిగారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. క్రైఫ్, పెలే, మారడోనా పేర్లే ఎక్కువసార్లు వచ్చాయి, అందులో వింతేమీ లేదు. వింత వయసు లెక్కలో ఉంది. జనం ఎంచుకున్న ఆటగాళ్ల కెరీర్ సగానికి వచ్చేనాటికి ఆ ఎంచుకున్నవాళ్ల వయసెంత అని చూస్తే, అన్నిటికన్నా ఎక్కువసార్లు తగిలిన అంకె 17.

నడివయసు దాటినవాళ్లని సొంత జీవితం గురించి అడిగినా ఇదే తీరు. ఏ వయసు సంగతులు ఎన్ని గుర్తున్నాయో గ్రాఫ్ గీస్తే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా ఉన్న భాగంలో గీత ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. ఎందుకలా అన్నదానికి ఒక్క జవాబు లేదు. ఆ వయసులో చాలా పనులు మొదటిసారి జరుగుతాయి, మొదటిసారివి గట్టిగా నాటుకుంటాయి అంటారు కొందరు. 'నేనెవరు' అన్నది తేలేది అప్పుడే కాబట్టి, అప్పుడు అభిమానించిన టీమ్ మన పరిచయంలో భాగమైపోతుందంటారు ఇంకొందరు. నాకు రెండోదే బలంగా అనిపిస్తుంది. లేకపోతే, ఎన్నడూ కర్ర పట్టని మనిషి "మనం గెలిచాం" అని ఎందుకంటాడు? ఆ 'మనం' ఒంట్లోకి కూడా దిగుతుంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్ టీవీలో చూస్తున్న అభిమానుల లాలాజలం పరీక్షిస్తే, గెలిచిన బ్రెజిల్ వైపు మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఓడిన ఇటలీ వైపు వాళ్లలో తగ్గింది.

"అదంతా సరే, మా కాలం వాళ్లు నిజంగానే గొప్పవాళ్లు కదా?" అనొచ్చు. దీనికి మన హాకీ మంచి పరీక్ష, ఎందుకంటే స్కోర్లు రాసిపెట్టి ఉన్నాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత్ అయిదు మ్యాచ్‌లలో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. 1956 మెల్‌బోర్న్‌లో 38 కొట్టి, అక్కడా ఒక్కటీ ఇవ్వలేదు. ఆ రెండింటి మధ్య జరిగిన ఒలింపిక్స్ అన్నిటిలోనూ బంగారం మనదే. అసలైన ఏకఛత్రాధిపత్యం అది. 1960 రోమ్ ఫైనల్లో పాకిస్తాన్ 1-0తో దాన్ని తెంచింది. 1964లో బంగారం తిరిగొచ్చింది గానీ, 1968లో కంచు, 1972లోనూ కంచే. అంటే మన అరవై అయిదేళ్ల పెద్దమనిషి 'స్వర్ణయుగం' అని చెప్పే 1975 నిజానికి దిగుడు మెట్ల మీద దొరికిన ఒక గెలుపు. మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానం. ఆ ఏడో స్థానం గురించి ఆయన నోట వినడం కష్టం. చెడు జ్ఞాపకాల్లోని బాధ, మంచి జ్ఞాపకాల్లోని సంతోషం కన్నా తొందరగా వెలిసిపోతుందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1 ఓటమి కూడా ఆ తోవనే పోయింది.

ఇక 1975 ఫైనల్లో పాకిస్తాన్ మీద పడ్డ ఆ గోలు. మా కాలనీలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఉన్నారు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో అశోక్ కుమార్ కొట్టిన రెండో గోలు ఎట్లా పడిందో చేతికర్రతో నేలమీద గీసి మరీ చూపిస్తారు: బంతి లోపలికి పోయింది, పోస్టు లోపలి అంచుకి తగిలి బయటికొచ్చింది, పాకిస్తాన్ వాళ్లు గోల్ కాదని అంపైర్ మీదికొచ్చారు. "నా కళ్లతో చూసిన" అంటారు. చెప్పిందంతా నిజమే, ఆ చివరి ముక్క తప్ప. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్‌లో. ఆ రోజు ఊరంతా విన్నది రేడియో. తర్వాత పేపర్లో వచ్చిన ఫొటో, ఎప్పుడో చూసిన వీడియో ముక్క, పదిమందికి పదేపదే చెప్పిన కథ, అన్నీ కలిసి 'చూసిన' గోలు తయారైంది.

ఆయన అబద్ధమాడటం లేదు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరుకు విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలుతున్న క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు. పది నెలల తర్వాత పరిశోధకులు 'ఆ దృశ్యం టీవీలో చూశారా?' అని అడిగితే సగానికి పైగా జనం చూశామన్నారు. జ్ఞాపకాన్ని మెదడు తలుచుకున్న ప్రతిసారీ మళ్లీ కడుతుంది, కట్టేటప్పుడు ఏ ఇటుక ఎక్కణ్నుంచి వచ్చిందో లెక్క రాసుకోదు. రేడియో దీనికి మరీ అనువైనది. బొమ్మంతా వినేవాడే గీసుకోవాలి కదా.

అలాగని పెద్దవాళ్లు చెప్పేదంతా కొట్టిపారేయలేం. "టర్ఫ్ వచ్చి మన ఆట చంపింది" అనేదాంట్లో నిజం పాలు గట్టిగానే ఉంది. పచ్చిక మైదానంలో బంతి ఎగుడుదిగుడులకి ఎగురుతుంది, దొర్లేకొద్దీ వేగం పోతుంది. అక్కడ బంతిని కర్రకి అంటిపెట్టుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడే రాజు. ఆ విద్య మనదీ, పాకిస్తాన్‌దీ. మాంట్రియల్ ఒలింపిక్స్‌తో కృత్రిమ టర్ఫ్ వచ్చింది. చదునైన నేల మీద బంతి వేగం తగ్గకుండా సూటిగా పోతుంది. తర్వాత నీళ్లు చల్లి తడిపే టర్ఫ్ రావడంతో జోరు ఇంకా పెరిగింది. డ్రిబ్లింగ్ చేసేలోపు ఎదుటివాళ్లు వెనక్కి సర్దుకుంటారు, కాబట్టి దూరం పాసులు, పరుగు, ఊపిరి గెలుస్తాయి. టర్ఫ్ ఖరీదైనది. యూరప్ త్వరగా పరుచుకుంది, మన పిల్లలు చాలాకాలం మట్టిలోనే ఆడి టోర్నమెంటుకి పోయి టర్ఫ్ తొక్కారు. కానీ రోమ్‌లో ఓడిందీ, రెండు కంచు పతకాలకి దిగిందీ పచ్చిక మీదే. టర్ఫ్ మీద పూర్తిగా తోసేస్తే ఆ పదహారేళ్లు కథలోంచి ఎగిరిపోతాయి. 1980 మాస్కో బంగారం కథలోంచీ ఇలాంటి ముక్కే ఒకటి రాలిపోయింది: బలమైన జట్లు చాలా ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించాయి.

ఈ పాతకాలపు బెంగని ఇప్పుడు నాస్టాల్జియా అంటారు; 1688లో స్విస్ వైద్యుడు యోహానెస్ హోఫర్ ఆ పేరు పెట్టింది ఇంటిమీద బెంగకి, అదీ ఒక జబ్బుగా. ఇప్పటి పరిశోధకుల మాట వేరు. ఒంటరితనంలో ఈ బెంగ ఎక్కువగా పుడుతుంది, పుట్టాక మనకి మనవాళ్లున్నారన్న భావన పెంచుతుంది. మా కాలనీ పెద్దాయన గోలు గీసి చూపించేది సాయంత్రం నలుగురూ బెంచీ మీద చేరినప్పుడే. ఇంట్లో ఒక్కరే కూర్చుని దాని గురించి చెప్పగా నేను వినలేదు, వాళ్లావిడా వినలేదట.

2021 ఆగస్టులో టోక్యో కంచు మ్యాచ్‌లో, ఆఖరి క్షణాల్లో జర్మనీ పెనాల్టీ కార్నర్‌ని శ్రీజేష్ ఆపినప్పుడు పదిహేడేళ్లున్న కుర్రాళ్లు ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్నారు. వాళ్లకి అరవై వచ్చేసరికి మన జట్టు పది బంగారాలు గెలిచి ఉన్నా సరే, "శ్రీజేష్ లాంటి గోలీ మళ్లీ ఏడ పుట్టిండు?" అనే అంటారు. పందెం కాయడానికి నేను రెడీ.