నీటిలో గడిపేవారి చెవులు: హాని ఎక్కడ, జాగ్రత్త ఎక్కడ

ఈతకు పోతే చెవులు పాడవుతాయని కర్నూలు ప్రాంతపు ఇళ్లలో పెద్దలు పిల్లలను వారిస్తూనే ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు గాని, చెవికి హాని నీటివల్ల కంటే నీటిలో దిగడానికి ముందు, ఒడ్డుకు వచ్చిన తరువాత మనం చేసే పనులవల్లనే ఎక్కువగా జరుగుతుంది. ఎండాకాలంలో పొలాల బావుల్లో, నీరు వదిలిన తరువాత కేసీ (కర్నూలు–కడప) కాలువలో, పట్టణాల్లోని ఈత కొలనుల్లో రోజూ గంటల తరబడి గడిపేవారు చెవి పనిచేసే తీరును కొంత తెలుసుకుంటే, ఈత మానుకోకుండానే దానిని కాపాడుకోవచ్చు.

చెవి డొప్ప నుంచి కర్ణభేరి వరకు ఉండే నాళం పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానిలో వెలుపలి మూడో వంతు మృదులాస్థి, మిగిలినది ఎముక. వెలుపలి భాగపు చర్మంలో సన్నని వెంట్రుకలు, గుబిలిని తయారుచేసే గ్రంథులు ఉంటాయి. లోపలి భాగంలో అవేవీ ఉండవు. అక్కడి చర్మం మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల మందంతో నేరుగా ఎముకను అంటిపెట్టుకొని ఉంటుంది. ఇంత సున్నితమైన చోటును కాపాడేది గుబిలే. దానిలోని కొవ్వు పదార్థాలు చర్మాన్ని నీటికి తడవనివ్వవు, దాని స్వల్ప ఆమ్లగుణం సూక్ష్మజీవులను పెరగనివ్వదు, లైసోజైమ్ అనే ఎంజైము కొన్ని బాక్టీరియాల గోడలను ఛేదిస్తుంది. దానిని పుల్లతో తీయవలసిన అవసరం చాలామందికి ఎప్పుడూ రాదు. ఎందుకంటే నాళపు చర్మం కర్ణభేరి దగ్గర మొదలై గోరు పెరిగినంత నెమ్మదిగా వెలుపలికి జరుగుతూ, పాత గుబిలిని తనతోపాటు మోసుకువస్తుంది.

రోజూ నీటిలో నానే చెవిలో ఈ రక్షణ సన్నగిల్లుతుంది. గుబిలి కొంత కొట్టుకుపోతుంది, ఆమ్లగుణం తగ్గుతుంది, మెత్తబడిన చర్మం చిన్న గీతకే చిట్లుతుంది. ఆ గీతలోనుంచి సూడోమోనాస్ ఎరుజినోసా, స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియాలు లోపలికి చేరి వాపును పుట్టిస్తాయి. వైద్యులు దీనిని బాహ్య చెవి శోథ అంటారు. మొదట దురద, ఆ తరువాత పోటు, నాళం వాచి మూసుకుపోయినప్పుడు వినికిడి మందగించడం దీని వరుస. చెవి డొప్పను పట్టి లాగినా, చెవి రంధ్రానికి ముందున్న చిన్న మృదులాస్థిని నొక్కినా పోటు ఎక్కువైతే, వ్యాధి నాళంలోనే ఉన్నదని చాలావరకు అనుకోవచ్చు. కర్ణభేరి వెనుక చీము పట్టినప్పుడు అలా నొక్కితే సాధారణంగా నొప్పి పెరగదు. కొందరిలో బాక్టీరియాకు బదులు ఆస్పర్జిల్లస్, కాండిడా అనే బూజులు పెరుగుతాయి. అప్పుడు నొప్పికన్నా దురద, చెవి నిండుగా ఉన్న భావన ఎక్కువగా ఉంటాయి. బాక్టీరియాకు వాడే చుక్కల మందును ఇలాంటి చెవిలో రోజుల తరబడి వేస్తే బూజు మరింత పెరిగే ప్రమాదం ఉంది గనుక, పోయినసారి మిగిలిన సీసాను వెతికి తీసి సొంతంగా వాడుకోవడం మంచిది కాదు.

దురద పుట్టగానే చేతికి అందే అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళంచెవి, దూదిపుల్ల — ఇవే ఈ వ్యాధికి అసలు దారి తీసేవి. దూదిపుల్ల మెత్తగా ఉంటుంది గనుక హాని చేయదని చాలామంది నమ్ముతారు. నిజానికి అది గుబిలిని బయటికి తీయకుండా ఎముక భాగంలోకి నెట్టి కుక్కుతుంది, నానిన చర్మాన్ని గీస్తుంది. అలా కుక్కిన గుబిలి నీటిని పీల్చి ఉబ్బినప్పుడే, ఈత కొట్టి వచ్చిన మనిషికి ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోసే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. ప్రేమతో చేసే పనే అయినా దానిని మానమని గట్టిగా చెప్పవలసి ఉంది. నూనె వేడి చర్మాన్ని కాలుస్తుంది, కర్ణభేరికి చిల్లు ఉంటే అది మధ్య చెవిలోకి దిగుతుంది, వాచిన నాళంలో తేమను పట్టి ఉంచుతుంది.

చేయవలసినది చాలా చిన్న పని. ఒడ్డుకు రాగానే తలను ఒక పక్కకు వంచి, చెవి డొప్పను పైకి, వెనుకకు లాగితే వంకరగా ఉన్న నాళం తిన్నగా అయి నీరు కారిపోతుంది. రెండో వైపు కూడా అలాగే చేసి, తువ్వాలు అంచుతో వెలుపలి భాగాన్ని మాత్రం అద్దుకోవాలి. జుట్టు ఆరబెట్టే యంత్రం ఉన్నవారు దానిని తక్కువ వేడిలో ఉంచి, ఒక అడుగు దూరం నుంచి కొద్దిసేపు గాలి తగలనివ్వవచ్చు. తరచుగా ఈ వ్యాధికి లోనయ్యేవారికి, ఈత ముగిశాక వేసుకోవడానికి ఎసిటిక్ ఆమ్లం కలిసిన చుక్కలను వైద్యులు సూచిస్తారు. అవి నాళపు ఆమ్లగుణాన్ని తిరిగి నిలబెడతాయి, కాని కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, చెవిలో ఇప్పటికే వాపు ఉన్నవారు వాటిని వేసుకోకూడదు. వ్యాధి వచ్చిన తరువాత మాత్రం వారం పది రోజులు నీటికి దూరంగా ఉండక తప్పదు.

బావిలో దూకే అలవాటుతో మరో రెండు ప్రమాదాలు ముడిపడి ఉన్నాయి. మొదటిది పీడనం. 5 మీటర్ల ఎత్తున్న గట్టు మీదనుంచి దూకిన మనిషి గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో నీటిని తాకుతాడు. ఆ క్షణంలో చెవి పక్కగా తగిలితే నీటి దెబ్బకు కర్ణభేరి చిరిగిపోవచ్చు. లోతుకు మునిగేకొద్దీ, ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు వెనుకనుంచి మధ్య చెవికి పోయే గొట్టం ద్వారా లోపలి గాలి సర్దుకుంటేనే కర్ణభేరి దానిని తట్టుకుంటుంది. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం వాచి మూసుకుంటుంది గనుక ఆ రోజుల్లో మునక వేయరాదు. చెవి బిరడాలు పెట్టుకొని లోతుకు మునగడం కూడా తగదు, బిరడాకు, కర్ణభేరికి మధ్య చిక్కిన గాలి సర్దుకొనే వీలుండదు.

రెండవది తలతిరుగుడు. చెవిలో పోసే నీటి చల్లదనం లోపలి చెవిలో శరీర సమతుల్యాన్ని చూసే అర్ధవలయ నాళాల ద్రవాన్ని కదిలించి కళ్లు తిరిగేలా చేస్తుందని వివరించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఈ సూత్రంతో లోపలి చెవిని పరీక్షించడానికి వైద్యులు ఈనాటికీ వాడే చల్లని నీరు 30 డిగ్రీలదే, అంటే శరీరపు వేడికన్నా 7 డిగ్రీలు మాత్రమే తక్కువ. మన బావుల లోతు నీరు సుమారుగా అంతే చల్లగా ఉంటుంది. రెండు చెవులూ ఒకేలా తడిసినంతవరకు ఈ ప్రభావం సరిసమానమై తెలియకుండా పోతుంది. ఒక చెవి గుబిలితో మూసుకుపోయినా, ఒక కర్ణభేరికి చిల్లు ఉన్నా సమతుల్యం తప్పి, నీటి అడుగున పైకి, కిందికి తేడా తెలియని స్థితి రావచ్చు. చెవి కారుతున్న పిల్లవాడిని బావిలోకి దిగనివ్వకూడదనడానికి చీముకన్నా ఇది బలమైన కారణం.

ఏళ్ల తరబడి చల్లని సముద్రంలో అలలపై సర్ఫింగ్ చేసేవారికి వచ్చే వ్యాధి వేరు. సుమారు 19 డిగ్రీలకన్నా చల్లని నీరు, దానితోపాటు ఈదురుగాలి నాళాన్ని మళ్లీమళ్లీ తాకితే, పలుచని చర్మం కింది ఎముక మెల్లగా బుడిపెలుగా పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. 2019లో మానవ శాస్త్రవేత్త ఎరిక్ ట్రింకాస్ బృందం ప్రచురించిన పరిశోధనలో, పరిశీలించిన 23 మంది నియాండర్తాల్ అనే ప్రాచీన మానవులలో దాదాపు సగం మందికి ఇవే బుడిపెలు కనిపించాయి. వారు నీటి వనరులపై ఆధారపడి జీవించారనడానికి దీనిని ఒక ఆధారంగా భావిస్తున్నారు. పెరిగిన ఎముక తిరిగి కరగదు, ముదిరితే శస్త్రచికిత్సతో తొలచవలసిందే. విశాఖపట్నం రుషికొండ తీరంలో గాని, మన బావుల్లో గాని నీరు అంత చల్లగా ఉండదు కాబట్టి ఇక్కడివారు దీనికి భయపడనవసరం లేదు. చదువు కోసమో ఉద్యోగం కోసమో చల్లని దేశాలకు వెళ్లి అక్కడ సర్ఫింగ్ నేర్చుకొనే మన యువకులు మాత్రం మొదటి రోజునుంచే చెవి బిరడాలు, నియోప్రీన్ అనే రబ్బరు తలతొడుగు వాడడం మంచిది.

మధుమేహం ఉన్న పెద్దవారి విషయంలో ఆలస్యం పనికిరాదు. వారిలో నాళపు వ్యాధి చర్మం దాటి కపాలం అడుగు ఎముకకు పాకవచ్చు; రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పోటు, ఆగని చీము, మూతి ఒక పక్కకు వంకరపోవడం దాని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఇంటి మందులతో రోజులు గడపకుండా, అదే రోజు చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.