లింఫోమా ముక్కలో డీఎన్‌ఏ కొలిస్తే ఏం తెలుస్తుంది? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో పాథాలజిస్టుగా రోజూ ముక్క పరీక్షలు చూస్తుంటాను. మెడలోనో చంకలోనో తీసిన గడ్డ టీబీయా, లింఫోమానా (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సరు), లింఫోమా అయితే ఏ రకం అని తేల్చాలి. రిపోర్టులో డీఎన్‌ఏ అన్న మాట కనబడగానే చాలా ఇళ్లలో భయం పట్టుకుంటుంది.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష చేశారంటే జబ్బు పిల్లలకూ వస్తుంది.

ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకాయన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి పట్టుకుని, అందరూ వెళ్లేదాకా ఆగి అడిగాడు. "మేడమ్, పాపకు సంబంధం కుదిరింది. ఈ డీఎన్‌ఏ సంగతి వాళ్లకు చెప్పాల్నా?" భయపడొద్దు పెద్దాయనా అన్నాను. మేం కొలిచింది ఆ గడ్డలోని కణాల్లో డీఎన్‌ఏ ఎంత ఉందన్నదే. ఆ మార్పు ఆయన పుట్టాక ఆ కణాల్లో వచ్చింది, బిడ్డకు ఇచ్చింది కాదు.

అపోహ: డీఎన్‌ఏ ఎక్కువుంటే బతకడం కష్టం.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మామూలు కణంలో 46 క్రోమోజోములుంటాయి. ఆ డీఎన్‌ఏను 1 అనుకుని గడ్డ కణాలను దానితో పోలుస్తాం. డీఎన్‌ఏకు అంటుకునే రంగు కలిపి, ఫ్లో సైటోమీటరులో కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపితే, డీఎన్‌ఏ ఎంత ఉంటే అంత వెలుగు. తేడా ఉన్న కణాలు గ్రాఫులో పక్కన ఇంకో శిఖరంగా లేస్తాయి. లింఫోమాలో ఆ రెండో శిఖరాన్ని మాత్రమే చూసి రోగి భవిష్యత్తు చెప్పలేం. పిల్లల్లో వచ్చే బి-కణాల ల్యుకేమియా అనే రక్త క్యాన్సరులోనైతే ఈ లెక్క 1.16 దాటితే మందులకు బాగా లొంగుతుంది!

నేను ముందు చూసేది మొదటి శిఖరానికీ, డీఎన్‌ఏ రెట్టింపైన కణాల శిఖరానికీ మధ్య జాగా. విభజనకు సిద్ధమవుతూ డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటున్న కణాలు అక్కడుంటాయి. అవి ఎక్కువుంటే గడ్డ వేగంగా పెరుగుతున్నట్టు. ఇప్పుడు ఆ వేగాన్ని ఎక్కువగా, విభజన బాటలో ఉన్న కణాలకే పట్టే కేఐ-67 రంగుతో చూస్తున్నాం. మాంటిల్ సెల్ లింఫోమాలో ఆ రంగు పట్టిన కణాలు 30 శాతం దాటితే గట్టిగా పట్టించుకుంటాం.

అపోహ: వేగంగా పెరిగేది నయం కాదు.

బర్కిట్ లింఫోమాలో కేఐ-67 దాదాపు 100 శాతం. అయినా సరైన కీమో వెంటనే అందితే పిల్లల్లో ఎక్కువమందికి నయమవుతుంది. నిదానంగా పెరిగే ఫాలిక్యులర్ లింఫోమానే తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ముక్క తీయకుండా టీబీ మాత్రలు వేసుకుంటూ నెలలు గడిపి వచ్చినవాళ్లను చూస్తే మాత్రం నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: ఒక్క అంకెతో ఆయుష్షు తేలిపోతుంది.

వేగంగా పెరిగే లింఫోమాలకు 1993లో వచ్చిన, రోగి భవిష్యత్తును అంచనా వేసే ఐపీఐ లెక్కలో ఐదు అంశాలున్నాయి: వయసు 60 దాటిందా, జబ్బు ఏ దశ, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎంత, తన పనులు తాను చేసుకోగలడా, గ్రంథులు దాటి ఎన్ని చోట్లకు పాకింది. గడ్డలో డీఎన్‌ఏ కొలత అందులో లేదు.

ఇంకో మాట. ముక్క మొత్తం ఫార్మలిన్‌లో (చెడకుండా ఉంచే ద్రావణంలో) వేసేస్తే గ్రాఫు మసకబారుతుంది. లింఫోమా అనుమానం ఉంటే, గడ్డ తీసే ముందే సర్జన్‌ను అడగండి, కొంత ముక్క తాజాగా ల్యాబుకు పంపుతారా అని.